డాలు మీది నెలవంకలు

ఐర్లండ్‌లో లిమరిక్ శివార్లలోని ఒక పాత చర్చి స్మశానంలో చంద్రవంశ క్షత్రియుల రాజచిహ్నం బయటపడినట్టు షానన్ తీర తెలుగు వైభవ సమితి గత ఏప్రిల్‌లో అధికారికంగా ప్రకటించింది. ఆ సమాధిలోని మనిషి ఐరిష్‌వాడు కావడం, రెండు వందల ఏళ్ళ క్రితమే పోవడం, పోయేదాకా తెలుగన్న మాట వినకపోవడం లాంటి చిల్లర ఇబ్బందులను సమితి పెద్దమనసుతో పక్కన పెట్టింది.

అసలు సమితి అక్కడికి వెళ్ళింది నాచు గీకడానికి. ఊరి చరిత్ర సంఘాన్ని నడిపే రిటైర్డ్ టీచరు మిసెస్ హార్టిగన్, పాత రాళ్ళు శుభ్రం చేయడానికి మనుషులు కావాలని చుట్టుపక్కల అన్ని దేశాలవాళ్ళకీ కబురు పెట్టింది. సమితి తరఫున పద్నాలుగు మంది వెళ్ళారు. పదముగ్గురు ఫోటోలు దిగారు. లీలారాణి నాచు గీకింది.

లీలారాణి ఆసుపత్రిలో నర్సు. భర్త జాన్ బాబు వృద్ధాశ్రమంలో కేరర్. బాపట్ల పక్క పల్లె నుంచి ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో ఆమెను కులమేమిటని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. సమితివాళ్ళు సంస్కారవంతులు. "మీ ఇంటిపేరేంటమ్మా?", "ఊళ్ళో మీ ఇల్లు ఏ వైపు?", "తాతల నాటి నుంచీ చర్చికేనా?" అని మాత్రమే అడిగేవారు. ఆమె ప్రతిసారీ "బాపట్ల టౌనేనండీ" అని, ఇంకో కప్పు టీ పోసేది.

గోడవార ఉన్న రాయి మీద నాచు పోయేసరికి ఒక డాలు తేలింది. పైన రెండు నెలవంకలు, నడుమ నిలువుగా మొనదేలిన చువ్వ, అడుగున నాలుగు మూలలా లాగి పట్టినట్టున్న గుడ్డలాంటిది. పేరుండాల్సిన చోట రాయి పెచ్చులూడిపోయింది.

సమితి అధ్యక్షులు డాక్టర్ రామమోహన్ గారు కళ్ళజోడు సర్దుకుని అక్కడే తేల్చేశారు.

"నెలవంకలంటే చంద్రవంశం. మధ్యలోది ఈటె. కిందది విజయపతాకం. ఇంకా ఏం కావాలి? మన పూర్వీకులు సముద్రాలు దాటారనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఉందా?"

అందరూ చప్పట్లు కొట్టారు. లీలారాణి చేతిలోని బ్రష్షు ఆగిపోయింది. నెలవంకకి పిడి ఉండదు. ఈ రెండింటికీ పిడులున్నాయి.

చిన్నప్పుడు తాత యాకోబు పక్కన చాప మీద కూర్చుని ఆమె ఆడుకున్నవి అవే. తోలు కోసే రంపెలు. నడుమనున్నది ఈటె కాదు, తోలుకి బెజ్జం వేసే ఆరె. అడుగునది పతాకమైతే దానికి నాలుగు కాళ్ళెందుకుంటాయి? అది ఆరబెట్టడానికి లాగి కట్టిన పశువు తోలు. ఎవరో మహానుభావుడు తన పనిముట్లను రాజులా డాలు మీద చెక్కించుకుని పడుకున్నాడు.

ఆమె మళ్ళీ నాచు గీకడంలో పడింది. చంద్రవంశం లిమరిక్‌లో శరవేగంగా విస్తరించింది. కార్యదర్శి సూర్యప్రభ గారికి వాళ్ళ నాయనమ్మ గుమ్మం మీద అచ్చం ఇలాంటి నెలవంకలే ఉండేవని గుర్తొచ్చింది. సూర్యుడి పేరు పెట్టుకుని చంద్రవంశం ఏమిటని ఒకాయన అడిగితే, ఆయన్ని వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. నలుగురు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కార్లకి నెలవంక స్టిక్కర్లు అంటించుకున్నారు. ఇంతలో సమాధి పక్కన శాశ్వత ఫలకం పెడుతున్నామనీ, సమితి పరిశోధనని కూడా పరిశీలిస్తామనీ మిసెస్ హార్టిగన్ ఉత్తరం రాసింది. రామమోహన్ గారు మూడు పేజీలు పంపారు.

"అబద్ధం రాతిమీదకి ఎక్కిపోతోందండీ," అంది లీలారాణి ఇంట్లో.

"ఎక్కనీ. నీకెందుకు?" అన్నాడు జాన్ బాబు. "అది రంపె అంటావు. ఎలా తెలుసు అంటారు. అప్పుడేం చెప్తావు?"

"ఉన్నదే చెప్తా."

"తొమ్మిదేళ్ళు టీ పోసి నెట్టుకొచ్చావు లీలా. మన పాప నిస్సీ సమితివాళ్ళ పిల్లలతోనే డాన్సు నేర్చుకుంటోంది. ఆలోచించుకో."

ఆమె వారం రోజులు ఆలోచించుకుంది. వారం తిరిగేసరికి కమ్యూనిటీ హాల్లో సమితి సభ జరిగింది. మిసెస్ హార్టిగన్ ముందు వరసలో కూర్చుంది. రామమోహన్ గారు "వంశ గౌరవమే జాతికి వెన్నెముక" అన్న అంశం మీద నలభై నిమిషాలు మాట్లాడి, ఎవరికైనా సందేహాలున్నాయా అని, ఉండవన్న ధీమాతో అడిగారు.

లీలారాణి లేచింది. ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పింది.

"అవి నెలవంకలు కావండీ. తోలు కోసే కత్తులు. ఆయన తోలుపనివాడు."

"నీకెలా తెలుసమ్మా?" అన్నారు రామమోహన్ గారు నవ్వుతూ.

"మా తాత దగ్గర ఉండేవి. చెప్పులు కుట్టేవాడు."

సూర్యప్రభ గారు చేతిలోని సమోసా వైపు చూసి, అది ఎవరు తెచ్చారో గుర్తు చేసుకునే ప్రయత్నం చేశారు.

మిసెస్ హార్టిగన్ ముఖం కూడా కాస్త చిన్నబోయింది. రాజులంటే ఆమెకీ ఇష్టమే. కానీ ఆవిడ వెళ్ళి చర్చి పాత రిజిస్టర్లు తిరగేసింది. ఆ గోడవార వరసలో థామస్ హానన్, తోళ్ళు పదును చేసేవాడు అని ఉంది. తన అమ్మమ్మ పుట్టింటివాళ్ళు హానన్లే. మర్నాడే ఆసుపత్రికి వచ్చి, వార్డు బయట లీలారాణి రెండు చేతులూ పట్టుకుని, "గ్రాండ్! మా ముత్తాతల ముత్తాతని పట్టిచ్చావు తల్లీ," అంది ఇంగ్లీషులో. లీలారాణికి ఏడుపొచ్చింది. డ్యూటీలో ఉంది కాబట్టి ఆపుకుంది.

సమితిలో మాత్రం ఏ మార్పూ రాలేదు. తమకి కులం పట్టింపు లేదని కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై తీర్మానించింది. తర్వాతి ఆదివారం అందరూ ఇళ్ళ నుంచి వంటలు తెచ్చుకున్న విందులో లీలారాణి తెచ్చిన చికెన్ పలావు తెచ్చినట్టే ఉండిపోయింది. ఒకరికి కొలెస్ట్రాల్, ఒకరికి ఉపవాసం, ఇంకొకరు ఆ ఉదయమే శాకాహారులయ్యారు. పద్దెనిమిది కుటుంబాలకి ఒకే పూట ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ కలగడం లిమరిక్ వైద్య చరిత్రలో అపూర్వం.

జూన్‌లో ఫలకం పెట్టారు. హానన్ పేరు, వృత్తి, పనిముట్ల వివరం, అడుగున చివరి వాక్యం: "చిహ్నాన్ని గుర్తించినవారు లీలారాణి, తోలుపనివారి మనవరాలు." అలా రాయమని ఆమే చెప్పింది.

స్థానిక చరిత్రకి తెలుగువారి మహత్తర సేవను చాటడానికి సమితి సకుటుంబంగా వచ్చింది. ఫలకం చుట్టూ మూడు వరసల్లో నిలబడ్డారు. సూర్యప్రభ గారు ముందు వరసలో, కంచిపట్టు కొంగు ఫలకం అడుగుభాగం మీదికి జారేలా నిలబడ్డారు.

"లీలా, నువ్వు బాగా తీస్తావు, ఫోటో తియ్యమ్మా," అని ఫోన్ ఇచ్చారు రామమోహన్ గారు.

లీలారాణి ఫోన్ ఎత్తి చూసింది. "కొంగు కాస్త తీయండి సూర్యప్రభ గారూ. ఫలకం మీద చివరి వాక్యం కనబడటం లేదు."

"గాలికమ్మా, ఏం చేస్తాం," అన్నారావిడ.

లిమరిక్‌లో గాలి లేని రోజు ఏడాదికొకటి వస్తుంది. అది ఆ రోజే వచ్చింది.

లీలారాణి ఫోన్ అలాగే పట్టుకుని నిలబడింది, నొక్కలేదు. చినుకులు మొదలయ్యాయి. ఎవరూ కదల్లేదు. మూడు వరసల్లోనూ చిరునవ్వులు చెక్కినట్టు నిలిచి ఉన్నాయి. ఆ వరసల్లో ఎవరెవరున్నారని అడక్కండి. మనవాళ్ళే.