ఎలీషా దారికి విముక్తి

ప్రైవేటు దారికి అడ్డంగా ఎవరు కారు పెట్టినా ఉపేక్షించేది లేదని పార్టీ వార్డు అధ్యక్షులు యుగంధర్ గారు మైకులో ప్రకటించారు. సదరు కారు బానెట్ మీద కూర్చునే ప్రకటించారు. కారు ఆయనదే. ఇంత నిష్పక్షపాతం ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది!

ఎలీషా కూడా చప్పట్లు కొట్టాడు. ఆ దారి అతనిదీ, పక్కింటి లక్ష్మణమ్మదీ. రెండిళ్ల మధ్య ఎనిమిదడుగులు. లోపల ఎలీషా ఆటో, మొదట్లో యుగంధర్ గారి కారు. ఎదురుగా పార్టీ ఆఫీసు ఉంది గానీ అక్కడ నీడ లేదు. ఆటో కదిలి ఐదు రోజులైంది. ఆమదాలవలసలో రైలు దిగేవాళ్ల కోసం ఆగే ఆటోల స్టాండులో ఎలీషాది నాలుగో నంబరు. పన్నెండేళ్లు కాచుకుంటే వచ్చింది. వారం రోజులు వరసగా బండి రాకపోతే నంబరు పోతుందని స్టాండు కట్టుబాటు. ఎలీషా యుగంధర్ గారి దగ్గరికెళ్లాడు.

"బావూ, కారు కాస్త ఎనక్కి తీస్తే సాలు," అన్నాడు.

"తియ్యడమెంతసేపు మావా! నువ్వు కంప్లైంటెట్టేవు. ఇప్పుడది సిస్టంలో ఉన్నాది. ఉట్టినే తీసేస్తే గవర్నమెంటు ఏటి సేసినట్టు?"

కంప్లైంటు పెట్టినందుకు ఎలీషా సిగ్గుపడ్డాడు.

ఆరో రోజు పొద్దున్నే అధికారులు టేపుతో దిగారు. దారి విముక్తికి శిలాఫలకం వేయాలి. మంత్రిగారి నుంచి వార్డు ఉపకోశాధికారి వరకు ఇరవై మూడు పేర్లు. అక్షరాల సైజు తగ్గించడానికి వీల్లేదు. కిందటిసారి ఓ కాలవ ఫలకం మీద ఎవరి పేరో చిన్నదైపోతే, ఇంజనీరు గారు వారం తిరక్కుండా బదిలీ మీద పాతపట్నంలో తేలారు. అంచేత రాయి ఆరున్నర అడుగుల వెడల్పు వచ్చింది.

సాయంత్రం సభ. యుగంధర్ గారు స్వయంగా కారెక్కి, రిబ్బన్ తెంచుకుంటూ వెనక్కి తీశారు. ఎలీషా కళ్లు చెమర్చాయి. ఫొటోగ్రాఫరు ఆ కన్నీటిని మూడు కోణాల్లో తీశాడు.

"నువ్వు సంఘపెద్దవి కదా మావా, ఒక ప్రార్థన సెయ్యి," అన్నారు యుగంధర్ గారు.

ఎలీషా ప్రార్థన గురించి బాప్టిస్టు చర్చిలో అందరికీ తెలుసు. అతను కళ్లు మూస్తే ఆడవాళ్లు పిల్లల్ని కింద కూర్చోబెడతారు. దేశం, జిల్లా, రైల్వేలు, పంటలు, ఆపైన పాలకులు పేరుపేరునా. ఆ ఇరవై మూడు పేర్లూ వచ్చేసరికి లక్ష్మణమ్మ కేక పెట్టింది.

"ఒరే యుగంధరూ, దారి మొదట్లో ఆ రాయెట్టేస్తన్నారేటిరా? మేం ఎలాగెల్లాల?"

"హుష్! ప్రార్థన జరగతంది పిన్నీ. మడిసి పట్టే సందు ఒగ్గేం. టేపెట్టి కొలిసేం."

ఎలీషా ఆమెన్ అని కళ్లు తెరిచాడు. ఎదురుగా నల్లరాయి, కింద పచ్చి సిమెంటు. రాయి అవతల రోడ్డు, ఇవతల ఆటో.

"బావూ, ఇది తీసెయ్యరేటి?"

"మంత్రిగారి పేరున్న రాయి మావా! సెయ్యేస్తే కేసు."

ఏడో రోజు తెల్లారగానే ఫోనొచ్చింది. రికార్డు చేసిన ఆడగొంతు. "మీ దారిలో కారు తొలగించబడినట్లయితే ఒకటి నొక్కండి. తొలగించబడనట్లయితే రెండు నొక్కండి."

ఎలీషా గుమ్మంలోంచి తొంగి చూశాడు. రాయి ఉంది. ఆటో ఉంది. కారు మాత్రం లేదు. చర్చిలో పెద్దరికం చేసేవాడు అబద్ధమెలా ఆడతాడు? ఒకటి నొక్కాడు.

"మీ సంతృప్తికి ధన్యవాదాలు."

స్టాండు వాళ్లని బతిమాలుకుందామని బయల్దేరాడు. ఊపిరి బిగబట్టి, అడ్డంగా తిరిగి, సందులోంచి బయటపడ్డాడు. అతను స్టేషన్ చేరేసరికి రైలొచ్చి జనం దిగుతున్నారు. మూడో నంబరు ఆటో ఉంది, ఐదో నంబరు ఆటో ఉంది. మధ్యలో, మంచి నీడలో, యుగంధర్ గారి కారు ఆగి ఉంది.

కంప్లైంటు పెడదామని ఎలీషా ఫోను తీశాడు. మూడో నంబరుకీ ఐదో నంబరుకీ మధ్య ఎన్నడుగులుందో, ఎంత రాయి పడుతుందో కళ్లతోనే కొలిచి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.