మూడో గాటు మహిమ

రోడ్లు వేయడం శుద్ధ దండగ! చెట్లకు గాట్లు పెడితే చాలు. ఈ సత్యాన్ని కనిపెట్టిన మా మేరీలాండ్ శాసనసభవారికి చేతులెత్తి మొక్కాలి.

చట్టం ఎంత తేటగా ఉందో చూడండి! చెట్టుకు సమాన దూరంలో మూడు గాట్లుంటే అది రేవుకు పోయే దారి. కింద రెండు, ఎడంగా పైన ఒకటి ఉంటే కోర్టుకు. ఇంత చక్కగా గుర్తులుండగా ఇక బురద తీయడం, కంప కొట్టడం, వాగు మీద దుంగలు పరవడం ఎందుకండీ? ఆ పనికి ఇంటికో మగవాడు రావాలని కూడా చట్టంలో ఉందనుకోండి. పొగాకు నాట్లని ఒకరు రారు, నడుం నొప్పని ఒకరు రారు. నాకైతే రెండూ ఉన్నాయి.

మా రోడ్ల ఓవర్సీరు సైలస్ రాగ్ మాత్రం మహా కార్యదక్షుడు. బూట్లు పాడవుతాయని గుర్రం మీద నుంచే గాట్లు కొట్టాడు. దారి చీలే చోట, రేవు వైపు ఓక్ చెట్టుకు మూడోది కొడుతుండగా గుర్రం కదిలింది. గాటు జానెడు పైకి పోయింది.

"జానెడుకే కొంపలు మునుగుతాయా?" అని సాగిపోయాడు. కోర్టు వైపు గాట్లున్న చెట్టునా? ఎవరో వంటచెరకుకు కొట్టుకుపోయారు!

కిందటేడే ఇంగ్లండు నుంచి వచ్చిన ఒబడయా టెంచ్ ఒక పొద్దున మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, రేవుకెటు? తామ్సిన్‌కు నొప్పులొచ్చాయి. అవతలి ఒడ్డు నుంచి మంత్రసానిని తేవాలి!"

"మూడు గాట్లు చూసుకుంటూ పోవయ్యా, కళ్లు మూసుకుని చేరతావు!"

పాపం, కళ్లు తెరుచుకునే పోయాడు. ఓక్ చెట్టు మీద కోర్టు గుర్తు చూసి, అయితే రెండోదే రేవు దారి కాబోలనుకుని అటు తిరిగాడు. తిన్నగా కోర్టులో తేలాడు.

"అయ్యా, పడవేదీ?"

"పడవేమిటయ్యా?" అన్నాడు జడ్జి. "టోపీ తీసి కూర్చో. జ్యూరీకి ఒక మనిషి తక్కువయ్యాడు."

"బాబుగారూ, మా ఆవిడకు కాన్పు!"

"అయితే తొందరగా తీర్పు చెప్పు. ఎవరు కాదన్నారు?"

ఎవడో వాగులోకి చెట్లు నరికి పడవల దారి మూసేశాడట, అదీ దావా. పొద్దుగూకేదాకా సాగింది. ప్రజల దారులంటే కోర్టువారికి ఎంత పట్టింపో చూశారా?

టెంచ్ ఇంటికి చేరేసరికి తామ్సిన్ లేదు. బిడ్డా దక్కలేదు.

మర్నాడు చర్చి దారి బురదలో శవపెట్టె బండి నడవదన్నారు. అంతే! పిలవకుండానే ఊరు ఊరంతా గొడ్డళ్లతో, పారలతో వచ్చింది. నాట్లు ఆగాయి, నడుములు వంగాయి. రాగ్ గుర్రం దిగి మోకాలి లోతు బురదలో దుంగలు పరిచాడు. మధ్యాహ్నానికల్లా బండి పట్టేంత బాట!

టెంచ్ ఆ బాట వంకా, మా వంకా చూశాడు.

"ఇంతమంది ఉన్నారా అన్నా, ఈ ఊళ్లో?"

కనుక సభవారికి నా మనవి. చట్టంలో ఒక్క అక్షరం మార్చకండి. ఇంటికో శవం లేస్తే చాలు, కౌంటీ అంతా రాజమార్గాలే!