ఆరుగురు నాయకులు, ఒక పడుగు

ఆ శనివారం పొద్దున లేవి పెట్టుకున్న పని చిన్నదే. సాలెవీధి ఊడ్చాలి, అయ్యగారి కంట పడాలి. చర్చి యువజన సంఘానికి ఆ సాయంత్రమే నాయకుణ్ణి ఎంచుతానని దావీదురాజు అయ్యగారు చెప్పి ఉన్నారు. ఎంపికైనవాణ్ణి డోనులో రైలెక్కించి, కర్నూలులో దొరలు జరిపే సభకు పంపుతారు. ఇరవై ఏళ్ళొచ్చినా లేవికి రైలు కూత తెలుసు గానీ పెట్టె లోపల ఎట్లా ఉంటుందో తెలియదు.

చిక్కేమిటంటే, ఊరికి సేవ చేసి ప్రతి ఒక్కరూ నాయకులు కావాలని అయ్యగారు పోయిన ఆదివారం గట్టిగా బోధించారు. సంఘంలోని తక్కిన ఐదుగురు కుర్రాళ్ళూ ఆ మాట శ్రద్ధగా విన్నారు. అందువల్ల సాలెవీధికి ఆరు చీపుర్లతో ఆరుగురు నాయకులు వచ్చారు. చెప్తే వినేవాడు ఒక్కడూ రాలేదు.

అప్పటికే నాగప్ప, ఆయన భార్య మల్లక్క మగ్గానికి ఎక్కించాల్సిన నిలువు పోగుల పడుగును వీధి పొడవునా సాచి, దారాలకు గంజి పట్టించి, ఆరేలోగా కుంచెతో దువ్వుతున్నారు. వానలేని ఊళ్ళో ఊడిస్తే చెత్త కంటే ముందు దుమ్ము లేస్తుంది. అదంతా పోయి తడి గంజికి అంటుకుంది.

"ఏమప్పా, ఏం చేస్తాండారు?" అన్నాడు నాగప్ప.

"సేవ చేస్తాండాం," అన్నాడు లేవి.

"ఎవురికి?"

దుమ్ము అణగడానికి నీళ్ళు చల్లమన్నాడు లేవి. చల్లితే చాలదు, పడుగునే కడగమన్నాడు ఆ ఐదుగురిలో ఒకడైన ఏసన్న. ఎవరి మాటా ఎవరూ వినలేదు కనుక ఇద్దరూ తామే బిందెలు ఎత్తారు. గంజి కారిపోయింది, పడుగు వదులై నేలకు జారింది. "బిగించి లాగండి" అని ఆరుగురూ ఒకేసారి అరిచి, తలా ఒక వైపు లాగారు. పుటుక్కున తెగిన పోగులు చూసి నాగప్ప తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

మల్లక్క కూర్చోలేదు. "లేవీ, ఆ కొస పట్టుకో. ఏసన్నా, నువ్వు ఈడ. మీరు నలుగురూ నడుమ పడుగు కింద కర్రలు పట్టుకోండి. నేను చెప్పేదాకా ఎవురూ కదలగూడదు."

మామూలు రోజుల్లో ఆ పిల్లల చెయ్యి పడుగుకు తగలనిచ్చేవారు కారు. పని పాడైపోతుంటే ఆ అంటు పట్టింపు ఎవరికీ గుర్తు రాలేదు.

తెగిన పోగులన్నీ అతికి, మళ్ళీ గంజి పెట్టి దువ్వుతుండగా సాయంత్రం అయ్యగారు వచ్చారు. ఆరుగురూ కిమ్మనకుండా నిలబడి ఉండడం చూసి ఆయన కళ్ళు చెమర్చాయి.

"శానా సంతోషమప్పా. ఇంత చక్కగా పని చేయిస్తాండే నాయకుడెవురు? చెయ్యెత్తండి."

ఐదు చేతులు లేచాయి. పడుగు కిందికి వాలింది. లేవి ప్రాణమంతా రైలు మీదే ఉంది, కానీ మల్లక్క చూపు అతని చేతుల మీద ఉంది. ఎత్తే ధైర్యం చాలలేదు.

"తన గొప్ప తాను చెప్పుకోనోడే నాయకుడు. లేవి కర్నూలు పోతాడు," అని అయ్యగారు తేల్చేశారు.

లేవి ఛాతీ పొంగింది. నాయకుడిగా మొదటి ఆజ్ఞ ఇవ్వడానికి గొంతు సవరించుకున్నాడు.

"చేతులు దించి పట్టుకోండి," అంది మల్లక్క.

ఐదుగురితో పాటు అయ్యగారు కూడా ఒక కర్ర పట్టుకున్నారు.