తొండల పందిరి

ఆ రోజు మొదటి బస్సులో విశాఖపట్నం వెళ్లి తన పీహెచ్‌డీ గైడు గారిని వెంటబెట్టుకు రావాలని జువాలజీ లెక్చరర్ సోమసుందరం అనుకున్నాడు. అది 1983 జూన్. నర్సీపట్నంలో అప్పటికింకా చినుకు పడలేదు, నూతులు అడుగంటాయి.

పదమూడేళ్లుగా అతను పెరట్లోని తొండల్ని చూస్తూ నోటుబుక్కు నింపుతున్నాడు. ఏటేటా ఎండ ముదురుతోంది. జత కట్టాల్సిన రోజుల్లో మగతొండలు తల ఎర్రబడక, నీడ వదలక, సన్యాసుల్లా కూర్చుంటున్నాయి. ఎక్కడో ఒకటి గుడ్లు పెట్టినా అవి మట్టిలోనే ఎండిపోతున్నాయి. ఇదంతా చెబితే గైడు గారు కళ్లజోడు సవరించుకుని, "నీడా తడీ ఇచ్చి పిల్లల్ని చేయించి చూపించు. అప్పుడు తప్పు ఎండదేనని ఒప్పుకుని సంతకం పెడతాను" అన్నారు.

ఈ ఏడు పెరడంతా గాలిస్తే పదకొండు గుడ్లు దొరికాయి. కంచె పక్కన వాటి మీద నాలుగు కర్రలు పాతి, కొబ్బరాకులు కప్పి, రోజూ మూడు చెంచాల నీళ్లు చిలకరించేవాడు. ఆ మూడు చెంచాలకే భార్య వర్ధనమ్మ రుసరుసలాడేది. రేపో ఎల్లుండో పిల్లలు బయటికి రావాలి.

గేటు దగ్గర పాలు పోసే దేవుడమ్మ ఎదురైంది.

"ఏటి మేష్టారూ, ఆ పందిరి ఎవులికి?"

"తొండలకి. ఒక్క జంటే మిగిలింది. వాన పడేదాకా పందిరినెవరూ కదపొద్దు" అని అతను బస్సు కోసం పరుగెత్తాడు.

దేవుడమ్మ అక్కడే నిలబడిపోయింది. వాన కోసం కప్పకి పెళ్లి చేద్దామని వీధి వీధంతా వారం నుంచి వెతుకుతోంది. ఆ కరువులో ఒక్క కప్పా దొరకలేదు. ఇక్కడేమో జంట ఉంది, పందిరి ఉంది. చదువుకున్నాయన దారి చూపించాడని ఆమెకి రూఢి అయిపోయింది.

గంటలో ముప్పైమంది ఆడవాళ్లు పెరట్లోకి వచ్చారు. వర్ధనమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఆయన ఊళ్లో లేరు. ఏమిటిదంతా?"

"మేష్టారే సెప్పారమ్మా. బేగి రోకలి తెండి."

ఆయనే చెప్పారన్నాక ఆవిడ రోకలి ఇచ్చింది, అడక్కుండానే పసుపూ ఇచ్చింది. కంచె మీది తొండల జంటని పట్టి వేపమండలతో రోకలికి కట్టేసరికి, వేసవంతా ఎర్రబడని మగతొండ తల కోపంతో ఎర్రబడింది.

"పెళ్లికొడుకు బొట్టు ఆడే ఎట్టుకున్నాడు" అని దేవుడమ్మ దణ్ణం పెట్టింది.

వీధంతా ఊరేగించి తెచ్చి, రోకలిని పందిరి మీద పట్టి, ఇంటికో బిందె చొప్పున దాచుకున్న తాగేనీళ్లు కుమ్మరించారు. ముప్పై బిందెలు.

సాయంత్రం గైడు గారితో సోమసుందరం బస్సు దిగేసరికి కుండపోతగా వాన. వీధి మొదట్లోనే అతని మెడలో దండ పడింది. సంగతి వింటూనే అతను పెరట్లోకి పరుగెత్తి, వేళ్లతో బురద తవ్వాడు. పదకొండు గుడ్లూ నీళ్లలో నాని చచ్చిపోయాయి. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. ఆ వానలో ఎవరికీ తెలియలేదు.

గైడు గారు గొడుగు కింద నుంచి వంగి చూసి, "ఎండ వల్ల మాత్రం కాదుగా" అన్నారు.

నోటుబుక్కులో 'మరణ కారణం' అన్న గడిలో పదమూడేళ్లుగా 'ఎండ' అని రాస్తూ వచ్చిన సోమసుందరం ఆ పూట 'పెళ్లి' అని రాశాడు.