మూడో గుట్ట మహాసంగ్రామం

సమస్త లోకాల చాకిరీలూ క్షణకాలం నడుము వాల్చే శనివారపు సాయంసంధ్యలో, నాలుగు కుర్చీలూ ఒక బల్లా పడితే మనిషి పక్కకు జరగడానికి చోటుండని వంటింటి రణరంగంలో, గరిటె గదగా నిలిచిన ఇల్లాలికీ, మంచినీళ్ళ గ్లాసు డాలుగా కూర్చున్న ఇంటాయనకూ వాగ్యుద్ధం అప్పటికే మూడో ఘట్టానికి చేరింది. మొదటి రెండు ఘట్టాల్లో ఒకరి చుట్టాలను ఒకరు ఉతికి ఆరేశారు కనుక, ఇక మిగిలింది అసలు విషయమే.

"ఊళ్ళో ఇంతమంది ఉండగా ఆ వ్యాన్ నడపడానికి మీరే దొరికారా?"

"ఎవరో ఒకరు నడపాలిగా. పశువుల డాక్టరు అడిగాడు, సరేనన్నాను."

"నాకో మాట చెప్పొద్దూ?"

"ఇప్పుడు చెప్తున్నాగా!"

మర్నాడు ఉదయం ఊరవతల గుట్టల దారుల్లో మారథాన్. పరుగు పిచ్చి పట్టిన పశువైద్యుడు ఏడాదికోసారి జరిపే ఆ క్రతువుకు వచ్చేది మహా అయితే పాతికమంది. వారందరి వెనకా ఒక వ్యాన్ తనకు విధించిన వేగంతో, తగ్గకుండా, హెచ్చకుండా, యముడి దున్నపోతులాగా వస్తుంది. అది ఎవరిని దాటితే వారి పరుగు అక్కడితో సమాప్తం. నోరు మూసుకుని ఎక్కి కూర్చోవలసిందే.

ఆ పాతికమందిలో ఒకతె మన వీరనారి. వృత్తి బట్టలు కుట్టడం. రోజంతా మిషను తొక్కిన కాళ్ళు ఇంకా ఏదో మిగిలిపోయిందన్నట్టు తెల్లవారుజామునే లేచి రోడ్డెక్కడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఆమె భర్త డ్రైవింగ్ స్కూలు మాస్టారు. క్లచ్చు మర్మజ్ఞుడు, బ్రేకు కోవిదుడు, ట్రాఫిక్ నిబంధనల శ్లోకాలను నిద్రలో సైతం వల్లించే ఘనాపాటి.

ఆ ఘనాపాటి గ్లాసు బల్ల మీద పెట్టి తీర్పు చెప్పాడు. "ఎంతమందికి నేర్పాను నేను! మనిషిని చూస్తే చాలు, ఎవరు ఎత్తెక్కుతారో, ఎవరు మధ్యలో ఆగిపోతారో చెప్పేస్తాను. నువ్వు మూడో గుట్ట దగ్గర ఆగిపోతావు. ఎవడో ఎక్కించుకునే బదులు నేను ఎక్కించుకుంటే పరువుగా ఉంటుంది."

"వ్యాన్‌లో నేనూ వస్తానురా," అంది అత్తగారు, ఊలు ఉండ విప్పుతూ. "ఊరికే కూర్చోవడమేగా, స్వెట్టరు చేతులు పూర్తవుతాయి. ఏమ్మా, నువ్వూ మొదట్నుంచే ఎక్కి కూర్చోరాదూ? ఎలాగూ ఎక్కేదానివే."

కాలేజీ కూతురు ఫక్కున నవ్వి, తల్లి చూపు తగిలి, దగ్గినట్టు నటించింది.

అప్పుడు ఆ సూదిదారాల సామ్రాజ్ఞి గరిటెను సింకులోకి విసిరి, కొంగు నడుముకు చుట్టి, కుక్కరు సైతం కూత మాని ఆలకించగా భీషణ ప్రతిజ్ఞ చేసింది.

"ఆ వ్యాన్ ఎక్కానంటే ఇంక ఈ బూట్లు తొడగను. పరుగూ లేదు, గిరుగూ లేదు, మీరు చెప్పినట్టే ఇంట్లో పడుంటాను. ఎక్కలేదనుకోండి, నాకేం చేతనవునో నాకేం చేతకాదో ఈ ఇంట్లో ఇంకెవ్వరూ నాకు చెప్పకూడదు. సరేనా?"

"సరే," అన్నాడు మాస్టారు, గెలిచినవాడి ఉదారతతో.

తెల్లవారింది. తుప్పల మీద మంచు ఆరకముందే, పాలకేంద్రం వాకిట పశువైద్యుడి ఈల శంఖారావమై మోగింది. పాతికమంది ఉరికారు. మొదటి గుట్ట ఎక్కేసరికి కుర్రకారు కనుచూపు మేర దాటిపోయింది. రెండో గుట్ట దిగేసరికి రిటైరైన పోస్టుమాస్టరు కూడా "వస్తానమ్మా" అని మర్యాదగా సెలవు తీసుకుని ముందుకు సాగిపోయాడు. ఇక ఆ నిర్జన మార్గంలో మిగిలింది ఇద్దరే: ముందు ఇల్లాలు, వెనక ఇంటాయన.

గంటల తరబడి సాగింది ఆ దాంపత్యయాత్ర. కంచెల వెనక ఆవులు నెమరు మాని చూశాయి. ఆమె కాళ్ళ పిక్కలు తిరుగుబాటు చేశాయి, మోకాళ్ళు సంధికి రాయబారం పంపాయి, కుడికాలి బొటనవేలు శత్రుపక్షంలో చేరిపోయింది. వెనక ఇంజను గుర్రుగుర్రుమంటూ మడమలను తరుముతుంటే ఆమె మూడో గుట్ట మొదలు చేరింది. రోడ్డా అది? ఆకాశానికి వేసిన నిచ్చెన!

కిటికీలోంచి తల బయటపెట్టాడు మాస్టారు. "నడుము వంచకు! చిన్న చిన్న అడుగులు వెయ్యి! ఫస్టు గేరు, ఫస్టు గేరు!"

"మీరు నోరు... మూసుకుని... నడపండి!"

"ఎక్కేయవే తల్లీ," అంది వెనక సీట్లోంచి అత్తగారు. "చూస్తుంటే నాకే కాళ్ళు లాగుతున్నాయి."

"నాన్నా, స్లో చెయ్యి కొంచెం," అంది, నాయనమ్మతో పాటు తానూ వ్యాన్ ఎక్కి ముందు సీట్లో కూర్చున్న కూతురు.

"రూలంటే రూలే. అమ్మయినా సరే," అన్నాడు ధర్మనిష్ఠాగరిష్ఠుడు. వ్యాన్ ముక్కు ఆమె పక్కకు వచ్చింది. ఇంకో పది బారలు సాగితే ఏడాది తెల్లవారుజాములన్నీ ఆ తలుపు తెరుచుకోవడంతో ముగిసిపోతాయి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెమటేనని సర్దిచెప్పుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

సరిగ్గా అప్పుడు, గుట్ట పక్కనున్న పొదల్లోంచి, ఏ అక్షౌహిణికీ తీసిపోని మేకల మంద రోడ్డు మీదికి దిగింది. మాస్టారు బ్రేకు తొక్కాడు. ఇల్లాలు కొమ్ముల మధ్యనుంచి, గడ్డాల మధ్యనుంచి, "జరగండమ్మా, జరగండి" అని బతిమాలుతూ పద్మవ్యూహాన్ని ఛేదించుకుని అవతల తేలింది.

మంద దాటిపోయింది. మాస్టారు క్లచ్చు వదిలాడు. వ్యాన్ ఓసారి ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాడు. మళ్ళీ ఆగి, ఈసారి బారెడు వెనక్కి కూడా జారింది.

"యాక్సిలరేటరు ఇవ్వండి... మెల్లగా... ఇవ్వండి మరి!" అన్నాడు అసహనంగా.

"ఎవరికి చెప్తున్నావు నాన్నా?" అంది కూతురు. "స్టీరింగు ముందున్నది నువ్వే."

ఏళ్ళ తరబడి మాస్టారు కూర్చున్నది శిష్యుడి పక్క సీట్లో. ఆయన పాదాల కింద ఉండేది క్లచ్చూ బ్రేకూ మాత్రమే. యాక్సిలరేటరు నేర్చుకునేవాడి సొత్తు. పొద్దున మొదటి శిష్యుడు ఇంటికొచ్చి ఎక్కించుకుంటాడు, సాయంత్రం చివరి శిష్యుడు దింపిపోతాడు. కదులుతున్న బండిని ఎలాగో ఇంతదూరం లాక్కొచ్చాడు గానీ, ఎత్తు మీద ఆగిన బండిని కదిలించాల్సి వచ్చేసరికి ఆ కుడిపాదం పాత అలవాటు కొద్దీ బ్రేకుకే అతుక్కుపోయింది.

"ఏరా, ఎవరో మూడో గుట్ట దగ్గర ఆగిపోతారన్నావు?" అంది అత్తగారు, కుట్టు లెక్క తప్పకుండా.

ఆ రథచక్రాలు మళ్ళీ కదిలేసరికి, వీరనారి శిఖరం దాటి, పల్లం దిగి, అవతలి మలుపులో మాయమైంది. తర్వాత వ్యాన్ తన విధి తాను నిర్వర్తించింది, ఆమె తన విధి తాను. చివరికి, అరటిపళ్ళ గెలలో ఒకే ఒక్క పండు మిగిలి, పశువైద్యుడు గమ్యం దగ్గర కట్టిన గుడ్డ తోరణం చుట్టేస్తున్న వేళ, ఆయన చేతుల్లో మిగిలిన ఆ అరగజం తోరణం కిందనుంచి, వ్యాన్ కంటే ఒక కరెంటు స్తంభమంత ముందుగా, విశ్వవిఖ్యాతమైన కడపటి స్థానాన్ని ఆమె జయించింది. దేవదుందుభులు మోగలేదు. పోస్టుమాస్టరు చప్పట్లు కొట్టాడు, అదే చాలు.

ఆ సాయంత్రం విజేత హాల్లో చాప మీద పడుకుని, కాళ్ళు రెండూ గోడకు ఆనించి ఉంది. మాస్టారు అడక్కుండానే టీ పెట్టి తెచ్చాడు. అత్తగారు, కూతురు చెరో కుర్చీలో కూర్చున్నారు. వ్యాన్ మాట ఎవరూ ఎత్తలేదు.

"మీ అందరికీ ఓ మాట చెప్పాలి," అంది ఆమె, పైకప్పు వైపు చూస్తూ, గొంతు పెంచకుండా. "రేపట్నుంచి నేను కారు నేర్చుకుంటున్నాను."

మాస్టారు ముఖం విప్పారింది. "దానికేం! పొద్దున్న మొదటి క్లాసు నీకే ఇస్తాను."

"మీ దగ్గర కాదండీ. సంతవీధిలో ఆవిడెవరో కొత్తగా స్కూలు పెట్టిందిట, అక్కడ చేరుతున్నాను." టీ కోసం చెయ్యి చాపింది. "కావాలంటే మీరూ రండి."