దొరగారి తూకం

ఆదివారం ఉదయం కాఫీ తాగగానే దొరను తూచాలి, ఆ తర్వాతే పేపరు. ఇన్‌స్పెక్టరుగారు పెట్టుకున్న నియమం ఇది. ఆయన ఉద్యోగం తూనికలు, కొలతల శాఖలో. బజారులో ఆయన కనిపిస్తే చాలు, కొట్లవాళ్లు గబగబా త్రాసులు తుడుచుకుంటారు. ఇంట్లో మాత్రం ఆయన్ను అంతగా లెక్కచేసేది దొర ఒక్కడే. దొర వాళ్ల పదేళ్ల కుక్క.

ఆరు వారాల క్రితం దొర మెట్ల దగ్గర కూలబడ్డాడు. పశువుల డాక్టరు తుంటి కీళ్లు నొక్కి, పక్కటెముకల మీద చేయి వేసి చూశాడు.

"ఎముకలు చేతికే తగలట్లేదండీ! ముందు ఒళ్లు తగ్గించండి, తిండి సగం చేయండి. రోజూ గడ్డి మీద కాసేపు మెల్లగా నడిపించండి. తుంటికి గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టండి. మెత్తటి పరుపు వేయండి, గచ్చు మీద జారకుండా చాపలు పరవండి. మీరు వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం పొరపాటున కూడా వేయకండి. ఆరు వారాలయ్యాక తీసుకురండి."

ఇన్‌స్పెక్టరుగారి భార్య దానికి ఒక షరతు కలిపింది. "ఈలోగా తగ్గకపోతే వాణ్ని మా తమ్ముడింటికి పంపేద్దామండీ. వాళ్లకి మెట్ల బాధ లేదు. మీరు మూడంతస్తులు వాణ్ని మోసుకుంటూ ఎక్కుతుంటే నాకు గుండె దడ."

ఆ మాటకు ఇన్‌స్పెక్టరుగారికి రెండు రోజులు అన్నం సయించలేదు. దొర లేని ఇంటికి సాయంత్రం ఎందుకు రావాలో ఆయనకు తెలియలేదు.

కాపడాలు మొదలయ్యాయి. దొర తిండి సగమైంది. వచ్చిన చిక్కల్లా తూకంతోనే. దొర త్రాసు మీద నిలబడడు. అందుకని ఆయనే వాణ్ని ఎత్తుకుని త్రాసెక్కి, వచ్చినదాంట్లోంచి తన బరువు తీసేసేవారు. తన బరువు డెబ్బై రెండు కిలోలు. ఉద్యోగంలో చేరిన రోజు వైద్య పరీక్ష కాగితంలో అలాగే ఉంది, కింద ముద్ర కూడా ఉంది. ముద్ర పడిన అంకెను అనుమానించే మనిషి కాదాయన.

మొదటి ఆదివారం దొర నలభై కిలోలు తూగాడు. రెండో ఆదివారం నలభైన్నర.

"ఇంట్లో ఎవరో దొంగచాటుగా పెడుతున్నారు," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు, అత్తగారి మంచం పక్కనున్న బిస్కెట్ల డబ్బా వంక చూస్తూ.

"అయ్యో నాయనా! వాడి మొహం చూడలేక నేనే తినడం మానేశాను," అందావిడ.

"అత్తయ్యగారూ, ఒప్పుకుంటే గుట్టుగా తేలిపోతుంది."

ఆవిడ ఒప్పుకోలేదు. డబ్బా జప్తయింది. సాక్ష్యం ఇంట్లో ఉండకూడదు గనక ఆఫీసు డ్రాయరులోకి చేరింది. సాక్ష్యం మెత్తబడిపోకూడదు గనక నాలుగు రోజుల్లో అయిపోయింది కూడా. మూడో ఆదివారం దొర నలభై ఒకటిన్నర తూగాడు. ఈసారి వంటింట్లో సోదా జరిగి జున్ను, కేకు, వేయించిన జీడిపప్పు డ్రాయరుకు చేరాయి. తూకం ఇంకా పెరిగింది. నాలుగో వారం అలమరకు సీసపు సీలు పడింది.

"నా వంటింటికి సీలేస్తారా? పంచదార ఎక్కడినుంచి తేను?" అని భార్య ఇంతెత్తున లేచింది. అత్తగారు అల్లుడితో మాటలు మానేసింది.

"వాడు రోజురోజుకీ బరువెక్కుతున్నాడే! ఎత్తుకుని రెండో అంతస్తు చేరేసరికి నాకు ఊపిరాడట్లేదు. ఇంతకన్నా రుజువేం కావాలి?" అన్నారాయన. కిందికి దిగి నడుద్దామని దొర గింజుకున్నా వదిలేవారు కాదు.

ఆరో ఆదివారం త్రాసు నూట పదిహేను చూపించింది. అంటే దొర నలభై మూడు. బావమరిది సాయంత్రం వస్తానన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు దొర పరుపును తనే చుట్టి, తాడు కట్టి, స్నానాలగదిలోకి వెళ్లి ఏడ్చి వచ్చారు. ఆఖరిసారి డాక్టరుకు చూపిద్దామని భార్యతో కలిసి బయల్దేరారు.

ఆస్పత్రి త్రాసు నేలకు సమంగా ఉంది. దొర దానిమీదికి తనంతట తానే నడిచివెళ్లి నిలబడ్డాడు.

"ముప్పై కిలోలు! శభాష్," అన్నాడు డాక్టరు, వాడి పక్కటెముకలు తడుముతూ. "ఇప్పుడు ఎముకలు తగులుతున్నాయి. కీళ్లు కూడా బాగా కదులుతున్నాయి."

"మీ త్రాసు తప్పు!" ఇన్‌స్పెక్టరుగారి గొంతు ఖంగుమంది. "పదమూడు కిలోల తేడా! ఎవరండీ దీనికి ముద్ర వేసింది?"

డాక్టరు గోడ మీది ధ్రువపత్రం చూపించాడు. కింద ఉన్న సంతకం ఇన్‌స్పెక్టరుగారిదే. వేసి నెల కూడా కాలేదు.

"ఇంతకీ ఇంట్లో ఎలా తూచారండీ?" అడిగాడు డాక్టరు.

ఆయన చెప్పారు. చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయారు.

"ఓసారి మీరు ఎక్కండి."

ఎనభై ఐదు.

భార్య కాసేపు ఆ అంకెనే చూసింది. "డ్రాయరులో సాక్ష్యం ఏమైందండీ?" అంది నెమ్మదిగా.

ఆయన త్రాసు దిగి బెల్టు సర్దుకున్నారు. డాక్టరు కాగితం తీసుకున్నాడు. "నేను మనుషులకి మందు రాయకూడదు. కానీ నడక, కాపడం, సగం భోజనం దొరకి రాసినవేగా, చీటీ మీద పేరు మారిస్తే సరి."

భార్య అక్కడినుంచే తమ్ముడికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. ఇన్‌స్పెక్టరుగారు సిగ్గు సంగతి మరచిపోయి, అందరి ముందూ దొర మెడ కావలించుకున్నారు.

ఇంటి దగ్గర వాణ్ని ఎత్తుకోబోతే భార్య చేయి అడ్డం పెట్టింది. దొర మెల్లగా, ఒక్కో మెట్టే ఎక్కాడు. మూడో అంతస్తు చేరేలోపు రెండు చోట్ల ఆగాడు. రెండుసార్లూ ఇన్‌స్పెక్టరుగారి కోసమే.