తుక్కుకు పోయే టబ్బుకు ముస్తాబు

గోదావరీ ప్రవాహపరిపూత దక్షిణతీరంబున, చిమ్నీధూమ శ్యామలితాకాశ విరాజితంబైన గోదావరిఖని యందు, పంతొమ్మిదివందల డెబ్బైరెండో సంవత్సరపు దసరా నాడు, షిఫ్టు సైరను సెలవుచేత మౌనవ్రతము దాల్చియుండగా, ఒకానొక బొగ్గుబాయి ముఖద్వారమున మూడక్షరముల కొరకు మహాసంగ్రామము సంభవించెను. భయపడకుడు, రక్తము చిందలేదు.

అందు ప్రథమవీరుడు సదయ్య. పదకొండేండ్లుగా పాతాళగర్భమున పారపట్టి, పట్టాలపై నడుచు ఇనుపతొట్లగు టబ్బులకు బొగ్గునెత్తిన అచంచలభుజుడు. అక్షరమొక్కటియు నెరుగని మహాశయుడు. ఆయుధపూజకు ఎవరి పనిముట్టు వారు కడిగి బొట్టుపెట్టుట ఆ బాయి ఆచారము. ఈతడు పారను విడిచి ఏకముగా పదిహేడో నంబరు బొగ్గుటబ్బునే చేపట్టి, పసుపుకుంకుమలద్ది, గునుగుపూలు, బంతిపూలు, మామిడాకులు, రంగుకాగితాలు కట్టి, అదియు చాలదని భార్య అనసూర్య పెండ్లిచీర అంచు చించి చుట్టి, వెదకినను ఇనుము కానరాకుండ చేసెను. అంచు సంగతి అనసూర్యకు ఇంకను తెలియదు.

ప్రతివీరుడు తీతు. సదయ్యకు పక్క క్వార్టరువాడు, వ్రాసినది బాయిదొర చెప్పినను తుడువని హాజరుపట్టీ సార్వభౌముడు. పూజకు పెట్టిన ప్రతి వస్తువు ముందరను పలక మీద పేరు వ్రాయుట ఆనాటి ఆతని విధి. "అలంకరణ: సదయ్య" అని వ్రాసి, బిగ్గరగా చదివెను.

"అట్ల గాదు తీతన్నా. ముస్తాబు అని రాయి," అనెను సదయ్య.

అంత కార్మికసేన చాయగ్లాసులు చేతబూని ఉభయపక్షములుగా చీలెను. శబ్దార్థధురంధరుడగు తీతు కండ్లద్దములు సవరించుకొని ఇట్లు పలికెను:

"సదయ్యా, మాటకో మర్యాద ఉంటది. గుమ్మానికి తోరణం గడితె అలంకరణ. గోడకు రంగేస్తె అలంకరణ. ముస్తాబు గట్ల గాదు. పెండ్లిపిల్ల ముస్తాబైతది. జాతరకు పొయ్యేటోడు ముస్తాబైతడు. ఏడికన్న పయనం గట్టినోళ్లు చేసుకునేది ముస్తాబు. నీ టబ్బు ఏడికి పోతది? బాయిలకు దిగుతది, మల్ల మీదికొస్తది."

సేన తలలూచెను. సదయ్య పక్షము వారును ఊచిరి. సదయ్య మాత్రము టబ్బు అంచున చేయి వేసెను.

"రేపు తుక్కుకు పోతది, అన్నా," అనెను. "అడుగు తుప్పువట్టిందని రాసిండ్రు. పదకొండేండ్లు నేను నింపిన, అది మోసింది. మా నాయిన సచ్చిన దినం గూడ దీన్నే నింపిన, సెలవు దొరకలే. రేపు లారీల ఏసుకపోతరట. ఉత్తగ ఎట్ల పంపాలె?"

ఇచ్చట వీరరసమును కాసేపు పక్కన పెట్టుదము. తాను చెప్పిన అర్థమే తనకెదురు నిలిచినదని తీతుకు తెలిసిపోయెను. చొక్కాచేతితో పలక తుడిచి, సుద్దముక్క విరుగునంత గట్టిగా అదిమి, "ముస్తాబు: సదయ్య" అని వ్రాసెను.

విజేత పలక మీదికి వంగి, మెల్లగా అడిగెను: "ఇందుల ముస్తాబు ఏదన్నా?"

తీతు ఆతని చూపుడువేలు పట్టుకొని ము, స్తా, బు మీదుగా నడిపించెను. కడపటి అక్షరము కొంత చెరిగి వేలికంటెను. ఇట్లు సదయ్య భుజబలార్జితమైన మూడక్షరముల మహాసామ్రాజ్యమును, మరునాడు లారీ వచ్చువరకు, ఏకచ్ఛత్రముగా ఏలెను.